మూడు గళ్ల ఈటె

61వ రోజు. మాట చేరడానికి 40 సెకన్లు.

వినోద గంట తీసుకున్న ప్రతి బృందమూ ఆ గంటలో ఏం చేసిందో పుస్తకంలో రాసి ఉంచాలని ఓడ నియమం. మా బృందానికి పెద్దను నేనే కాబట్టి రాత నా పని. పేరు సూరాడ లోవరాజు. గోస్తని ఓడలో నీళ్ల గది చూస్తాను. బృందంలో నలుగురం. ఇక్కడ ముగ్గురం: నేను, నర్సు మెహరున్నీసా, ఫిల్టర్లు కడిగే సిద్ధిరాములు. నాలుగో మనిషి నూకరత్నం. నాగావళి ఓడలో వెల్డరు. నా భార్య.

రెండు అంతరిక్ష ఓడలూ కలిసే బయలుదేరాయి. అరవై ఒక్క రోజుల కిందట విడిపోయాయి. మేం దారి మధ్యలో ఈ మజిలీ దగ్గరే ఆగి నీళ్లు నిలవ చేస్తాం. నాగావళి శని గ్రహం దాకా పోయి మంచుగడ్డలు లాక్కొస్తుంది. పోయి రావడానికి నాలుగేళ్లు. అక్కడి వెల్డరు జబ్బుపడితే రత్నాన్ని అడిగారు. "నానెల్లకపోతే ఆ ఓడ అతుకులు ఎవరు సూస్తారు మావా?" అంది. వెళ్లమని నేనూ అన్నాను. అనేటప్పుడు నాలుగేళ్లంటే ఎంతో నాకు తెలియదు.

భార్యాభర్తలకు వారానికి పది నిమిషాల మాట ఇస్తారు. కనీసం నలుగురున్న బృందానికి మాత్రం వారానికి ఒక పూర్తి గంట, మధ్యాహ్నం భోజనాలయ్యాక, రెండు ఓడల మధ్య లైను ఉంటుంది. ముగ్గురైతే ఆ గంట తీసి వేరేవాళ్లకిస్తారు. భజన బృందం వాళ్లు మా గంట కోసం ఎప్పటినుంచో కాచుకుని ఉన్నారు.

మేం ఆడేది దండు ఆట. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు తలా ఒక సైనికుడిగా ఆ కథలో నడుస్తారు. బల్ల మీద గళ్ల కాగితం పరిచి, సీసా మూతలతో సైనికుల్నీ శత్రువుల్నీ నిలబెడతాం. దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. కథ చెప్పేది నేను. మెహర్ విలుకత్తె. రాములు యోధుడు, జోడుకత్తుల శాఖ. తన పక్క గడిలోకి శత్రువు అడుగుపెడితే తన వంతు కాకపోయినా కొట్టగలగడం ఆ శాఖ విద్య. రత్నమూ యోధురాలే, కావలి శాఖ. పక్కవాడి మీద పడే దెబ్బను తన మీద వేసుకోవడం ఆ శాఖ విద్య.

ఈ రోజు రత్నం సైనికురాలికి గుహలో ఒక ఈటె దొరికేలా చేశాను. ఆట పుస్తకంలో అలాంటిది లేదు, నేనే అల్లాను. మూడు గళ్ల దూరం పొడుస్తుంది. ఆ మూడు గళ్లలోకి ఎవరు అడుగుపెట్టినా ఊరికే ఒక పోటు అదనం. మాట పోయి తిరిగి రావడానికి పట్టే ఎనభై సెకన్ల తర్వాత ఆమె "అబ్బో!" అనడం వినిపించింది. ఇక్కడినుంచి ఆమెకు నేనివ్వగలిగిన వస్తువు ఇదొక్కటే.

75వ రోజు. మాట చేరడానికి 55 సెకన్లు.

ఆట బాగా సాగింది. వంతెన దగ్గర తొమ్మండుగురు శత్రువుల్ని రత్నం ఒక్కతే ఆపింది. మెహర్ ఇద్దరిని పడగొట్టింది. రాములు ఎక్కువ మాట్లాడలేదు. అతనికి ఈ వారం పని ఎక్కువని అనుకున్నాను.

పొద్దున నీళ్లు శుభ్రపరిచే నాచు రెండో తొట్టిలో పలచబడితే దీపాలు దించి కట్టాను.

82వ రోజు. మాట చేరడానికి నిమిషం దాటింది.

ఆట జరగలేదు. బల్ల దగ్గర నేనూ మెహరూ కూర్చుని ఎదురుచూశాం, అక్కడ రత్నమూ చూసింది. రాములు రాలేదు.

ఫిల్టర్లు కడిగే తొట్టి దగ్గరికి వెళ్లాను. రాములు చేతులు మోచేతుల దాకా నురగలో ఉన్నాయి. నన్ను చూసి తల ఎత్తలేదు.

"ఇగ నేను రాను అన్నా," అన్నాడు.

"ఏమైంది రాములూ?"

"ఏమైతది? ఏం గాలే. మూడు ఆటల సంది నా కత్తులు ఒరలనే ఉన్నయ్. నా దాక ఒక్కడన్న వచ్చిండా?"

"మీ వదినకి ఈటె ఇచ్చానని కోపమా?"

"వదిన మీద నాకెందుకు కోపం?" బ్రష్షు కింద పెట్టాడు. "బయట పని జెర్రికిచ్చిన్రు. ఊకున్న. ఆటల పని ఈటెకిచ్చినవ్. మరి నేనేం జెయ్యాలె? నువ్వే జెప్పు."

 రాములు ఇదివరకటి ఓడలతో కలిపి ఆరేళ్లు బయట పనిచేశాడు. తాడు నడుముకు కట్టుకుని ఓడ ఒంటి మీద పేరుకున్న మంచు గీకేవాడు. మేం బయలుదేరిన ఏడాదికి ఆ పనికి యంత్రం వచ్చింది. నూరు కాళ్లతో ఓడను పట్టుకుని పాకుతుంది కాబట్టి అందరం జెర్రి అంటాం. దాని వల్ల మనుషులు చావడం ఆగింది. అది మంచిదే, రాములు కూడా మంచిదే అంటాడు. అప్పటినుంచి అతనికి ఫిల్టర్లు కడిగే పని. గోడకు అవతల జెర్రి పాకే చప్పుడు వినిపిస్తే మాటల మధ్యలో ఆగిపోతాడు.

బృందాల జాబితా మళ్లీ తీసేది 97వ రోజున. ఆ రోజుకు నలుగురం లేకపోతే మా గంట భజనవాళ్లకు పోతుంది.

85వ రోజు.

లెక్క ఇప్పుడు చేశాను. ముందే చేయాల్సింది. తొట్లు నిండేదాకా నీళ్ల గదిలో స్టీలు పళ్లెంలో పాచికలు విసిరి, నూరు వంతులు వేసి చూశాను. ఈటె దెబ్బ మొత్తం వెయ్యీ ఎనభై. రాములు రెండు కత్తులూ కలిపి ఆరువందల అరవై. అదీ శత్రువు అతని దాకా వస్తేనే. ఈటె ఎవర్నీ రానివ్వదు. అతని శాఖ విద్య ఏదో అదే నేను ఈటెలో పెట్టాను, అదీ మూడు గళ్ల ముందు.

కాబట్టి రాములు కత్తులు పెంచాను. మంట కత్తులు, ఒక్కో దెబ్బకు ఒక పాచిక అదనం. అప్పుడు శత్రువులు మరీ తేలిగ్గా చచ్చారు. శత్రువుల ప్రాణం రెట్టింపు చేశాను. కాగితం తీసుకెళ్లి మెహర్‌కు చూపించాను. ఆమె మందుల సీసాలు సర్దుతూ చదివింది.

"ఏం లోవరాజూ, ఇంగ నా విల్లు ఏం కావాల? ముందు రెండు బాణాలకు పడేటోడు ఇప్పుడు నాలుగు వేసినా పడడు."

"నీ విల్లు కూడా పెంచుతాను."

"పెంచి? మళ్ల రత్నమ్మ ఈటె తక్కువైతాది. దాన్నీ పెంచుతావా?" కాగితం తిరిగి ఇచ్చేసింది. "ఉప్పు ఎక్కువైందని నీళ్లు, నీళ్లు ఎక్కువైనాయని ఉప్పు. కుండ నిండుతాది గానీ తినేకి కాదబ్బా. నువ్వు ముందు ఏసిందేదో అది తియ్."

తీయాలంటే రత్నం చేతిలోంచి తీయాలి. అది నావల్ల కాలేదు.

89వ రోజు. మాట చేరడానికి 70 సెకన్లు.

ఇది వినోద గంట కాదు, మా ఇద్దరి పది నిమిషాలు. ఇక్కడ రాయకూడదు. అయినా రాస్తున్నాను.

ఈ పది నిమిషాలూ మాకు ఎప్పుడూ సరిగ్గా గడవవు. తిన్నావా అంటాను. రెండు నిమిషాల ఇరవై సెకన్లకు తిన్నాననే మాట వస్తుంది. ఈలోగా నేనింకేదో అడిగి ఉంటాను, జవాబులూ ప్రశ్నలూ కలగాపులగమైపోతాయి. ఈ రోజు ఆమె మొదటి మాటే వేరుగా వచ్చింది.

"మావా, ఆ ఈటి తీసెయ్."

నచ్చలేదా అని అడిగాను. గడియారం చూస్తూ కూర్చున్నాను.

"నచ్చకేం? నువ్విచ్చావు కదా. ఒకటి సెప్తాను, మద్దెలో మాటాడకు. అది సేతికొచ్చిన కాణ్ణించీ నానెప్పుడూ ఎనకే నిలబడతన్నాను. మూడు గళ్ల అవతల. ఎవుడూ నా దగ్గిరికి రాడు, నానెవరి దగ్గిరికీ ఎల్లను. దూరంగా ఉండడం నాకిక్కడ రోజూ ఉన్నదే మావా. పొద్దున లేస్తే వెల్డింగు ముసుగేసుకోవడం, ఒక్కదాన్నే గొట్టంలోకి దూరడం. ఆటలోనైనా ఒకళ్ల బుజం నా బుజానికి తగలనీ. కావలి శాఖ ఎందుకెంచుకున్నాననుకున్నావు? దెబ్బ నా మీద పడాలి. పడితేనే మీ మద్దెన ఉన్నట్టుంటాది."

ఆమె ఆగింది. నేనేదో అనబోయాను, కానీ ఆమె మాట ఇంకా అయిపోలేదు.

"రాములేడీ? ఆడు రాలేదంటే నా మూలానే. ఎల్లి తీసుకురా."

పది నిమిషాలు అయిపోయాయి.

91వ రోజు.

ఫిల్టర్ల తొట్టి దగ్గరికి ఒక కాగితం, పాచికలు, పళ్లెం తీసుకెళ్లాను. రాములు పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాను.

"ఈటె తీసేస్తున్నాను. మీ వదినే తీసెయ్యమంది," అన్నాను. "నీ కత్తులకి ఏం కావాలో నువ్వే చెప్పు. అది రాస్తాను."

ఫిల్టరు తిప్పి రెండోవైపు కడిగాడు.

"నాకేం ఎక్కువ ఒద్దన్నా. దగ్గరికి రానియ్యి. గంతే."

తర్వాత చేతులు తుడుచుకుని నా పక్కన కూర్చున్నాడు. రోజంతా పని మధ్య దొరికిన ఖాళీల్లో ఇద్దరం పాచికలు విసిరాం. అతనికి లెక్క నాకంటే వేగంగా వస్తుందని నాకిప్పుడు తెలిసింది. బయట పనిచేసిన రోజుల్లో తాడు పొడవు, గాలి ఎంత ఉంది, వెనక్కి రావడానికి ఎంత పడుతుంది, అన్నీ నోటితోనే వేసుకునేవాడట.

ఈటెను ఒక్క గడికి కుదించాం. ఊరికే వచ్చే పోటు తీసేశాం. దాని బదులు రాములే ఒకటి చెప్పాడు: ఆ ఈటె పట్టుకున్న మనిషి పక్కవాడికి అడ్డం నిలబడి దెబ్బ తింటే, ఆ పక్కవాడు వెంటనే తిరిగి కొట్టొచ్చు. అంటే రత్నం ఆపితే రాములు కొడతాడు. ఆమె విద్య ఆమెదే, అతని విద్య అతనిదే. ఈటె రెండింటినీ కలుపుతుంది, అంతకంటే ఏమీ చేయదు. నూరు వంతులు వేసి చూశాం. విడివిడిగా నిలబడితే ఇద్దరూ కలిపి వెయ్యి కూడా దాటరు. పక్కపక్కనే నిలబడితే పదహారు వందల పైన. మెహర్ విల్లును ఎవరూ ముట్టుకోలేదు.

"ఆయుధం మనిషికి తోడుండాలె," అన్నాడు రాములు పాచికలు ఏరుతూ. "మనిషికి బదులుండొద్దు."

96వ రోజు. మాట చేరడానికి 80 సెకన్లు.

నలుగురం ఆడాం. రత్నం సైనికురాలు మొదటి వంతులోనే మూడు దెబ్బలు తిన్నది. రాములు లేచి నిలబడి పాచికలు విసిరాడు. ఆమె నవ్వు రెండు నిమిషాల నలభై సెకన్ల తర్వాత వచ్చింది. అప్పటికి మేం వేరే మాటల్లో ఉన్నాం, అందరం ఆగి విన్నాం.

రేపటి జాబితాలో మా నాలుగు పేర్లూ ఉంటాయి.

152వ రోజు. మాట చేరడానికి 4 నిమిషాలు.

నాగావళి వేగం పెంచింది. దెబ్బ పడుతోందని నేను చెప్పడం, "ఆగు, నానడ్డం" అని ఆమె అనడం, ఈ రెంటి మధ్య ఎనిమిది నిమిషాలు. మేం ఎత్తిన కత్తితో నిలబడిన సీసా మూతను చూస్తూ కూర్చుంటున్నాం. గంటలో ఏడు సార్లు కూడా ఆమె మాట అందడం లేదు. కావలి విద్య అంటేనే ఆ క్షణంలో అడ్డం పడడం. ఆ క్షణం ఇప్పుడు మా ఇద్దరిదీ ఒకటి కాదు.

"ఆమె తరఫున నేనే చెప్పనా?" అని పోయిన వారం అన్నాను.

"ఒద్దొద్దు," అన్నాడు రాములు. "బయటికి వొయ్యేటప్పుడు మేం ఒకటి జేసెటోళ్లం. టోపీల రేడియో మాట తెగిపోతే ఏం జెయ్యాలె, ఎవడు ఎవని తాడు గుంజాలె, లోపలున్నప్పుడే ఒకలకొకలం చెప్పుకొని పోయెటోళ్లం. బయట మాట లేకున్నా ఎవని పని వాడు జేసెటోడు. వదినను గట్ల రాసి పంపమను."

రాసి పంపమన్నాం. దానికి ముందుమాట అని పేరు పెట్టాం. ఆటకు ముందురోజు ఆమె పంపుతుంది, రాములు దగ్గర ఉంటుంది, అవసరమైనప్పుడు చదివి ఆమె తరఫున పాచిక వేస్తాడు. నిన్న వచ్చిన మొదటిది ఇది:

ఒకటి. రాములు మీద దెబ్బ పడితే నాను అడ్డం.
రెండు. మెహరక్క మీద పడితే, నాకందేంత దూరముంటే, నాను అడ్డం.
మూడు. నాకెంత ప్రాణం మిగిలినా పై రెండూ మారవు.

201వ రోజు. మాట చేరడానికి 8 నిమిషాలు.

ఆట జరిగింది. మంచుకోట గుమ్మం దాకా వచ్చారు.

ఒక సంగతి రాసుకుంటాను. ఈ మధ్య ఆమె ముఖం తలచుకుంటే ముందు వెల్డింగు ముసుగు కనిపిస్తోంది, ఆ తర్వాతే ముఖం వస్తోంది. మేం విడిపోయిన రోజు ఆమె ఆ ముసుగు నెత్తి మీదికి ఎత్తుకుని ఉంది. చెవి పక్కన నిప్పురవ్వ కాల్చిన మచ్చ ఉండాలి. ఏ చెవి? రాములును అడిగితే ఎడమ అన్నాడు. మెహర్ కుడి అంది. నాకు తెలియకపోవడం సిగ్గుగా ఉంది. ఆమెనే అడగొచ్చు. అడిగితే మరిచిపోయానని తెలిసిపోతుంది.

236వ రోజు. మాట చేరడానికి 11 నిమిషాలు.

వివరంగా రాస్తాను.

మంచుకోట తలుపు ముందు ఒక రాక్షసుడు కాపలా ఉన్నాడు. ఇంత పెద్ద శత్రువును ఈ కథలో ఇదివరకు పెట్టలేదు. రెండు వంతులయ్యేసరికి మెహర్ బాణాలు అయిపోయాయి. రాములు సైనికుడికి నాలుగు ప్రాణాలు మిగిలాయి, రత్నం సైనికురాలికి ఆరు. ఇద్దరూ భుజం భుజం ఆనించి తలుపుకు ఎదురుగా ఉన్నారు. రాక్షసుడి గద రాములు మీదికి లేచింది.

రాములు కాగితం తీశాడు. అందులో ఏముందో మా ముగ్గురికీ తెలుసు, అయినా చదివాడు. "ఒకటి. రాములు మీద దెబ్బ పడితే నాను అడ్డం." ఆమె మూతను ఒక గడి జరిపి తన మూత ముందు పెట్టాడు.

శత్రువుల పాచిక నేను ఒక అట్ట వెనక విసురుతాను, కథ చెప్పేవాడి పద్ధతి అది. ఏం పడిందో నేనొక్కడినే చూస్తాను. పద్నాలుగు దాటితే దెబ్బ తగిలినట్టు. పాచిక దొర్లి ఆగింది. పందొమ్మిది. ఎన్ని ప్రాణాలు పోతాయో చెప్పే దెబ్బ పాచికలు వేశాను. తొమ్మిది. ఆమెకున్న ప్రాణాలు ఆరు.

పది పడింది, తగల్లేదు అని ఒక్క మాట అంటే చాలు. ఎవరికీ తెలియదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పదకొండు నిమిషాల దూరంలో, ఏ గొట్టంలోనో ముసుగు వేసుకుని, చెవి దగ్గర వైరు పెట్టుకుని వింటూ ఉంటుంది. ఈ గంట తప్ప ఆమె మా మధ్య ఉండే చోటు ఇంకొకటి లేదు. ఆ మనిషిని నా చేత్తో ఎలా తీసేయను?

కానీ తగల్లేదంటే ఆమె అక్కడ నిలబడనట్టే. మళ్లీ మూడు గళ్ల అవతల పెట్టినట్టే.

అట్ట తీసి బల్ల కింద పడేశాను. పాచికలు ముగ్గురికీ కనిపించాయి.

మెహర్ "అయ్యో అల్లా" అంది. రాములు పాచికల వైపు చూసి, నా వైపు చూసి, తన రెండు పాచికలు చేతిలోకి తీసుకున్నాడు. ఆమె దెబ్బ తిన్నది కాబట్టి తిరిగి కొట్టే హక్కు అతనిది. మొదటిది తగిలింది. రెండోది ఇరవై. రాక్షసుడు పడిపోయాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మైకు దగ్గరికి వంగాను. "రత్నం. రాములు మీద పడ్డ దెబ్బకి నువ్వు అడ్డం పడ్డావు. పందొమ్మిది పడింది. నువ్వు పోయావు. రాములు వాణ్ణి చంపాడు."  

అప్పటికి గంటలో ముప్పై మూడు నిమిషాలు అయిపోయాయి. మాట పోవడానికి పదకొండు, రావడానికి పదకొండు. మెహర్ లేచి ముగ్గురికీ టీ పోసింది. టీలు చల్లారిపోయాయి. గోడకు అవతల జెర్రి పాకుతూ పోయింది. రాములు ఈసారి తల తిప్పలేదు, ఆమె సీసా మూతను చూస్తూ కూర్చున్నాడు. దాన్ని గళ్ల కాగితం మీంచి తీయమని నేననలేదు. అతనూ తీయలేదు.

యాభై ఐదో నిమిషంలో గరగరమని ఆమె ఊపిరి వినిపించింది.  ఏడుస్తోందేమో అనుకున్నాను. గొంతు సవరించుకుంది.

"రాములు బతికాడు కదా? అయితే సరే." వెంటనే అతన్నే పిలిచింది. "రాములూ, రెండోది ఎంతేసావు? గట్టిగా పడిందా? ... మావా, పందొమ్మిదని అబద్దమాడకుండా సెప్పావు, నాకు తెల్సు, నీకు మనసొప్పి ఉండదు." మళ్లీ నన్నే అడిగింది. "ఏటిలాగ రెండు ముక్కల్లో సెప్పేసావు? నాను సూడలేదు కదా. ఎలా పడ్డానో సెప్పు. తొందరేటీ లేదు. మొదట్నించీ సెప్పు."

లైను ఇంకా నాలుగు నిమిషాలుంది.

మొదలుపెట్టాను. మంచు పడుతోందన్నాను. మంచు కాదు, గాలి అన్నాడు రాములు, వాళ్లిద్దరి మధ్య గాలి దూరడానికి కూడా సందు లేదన్నాడు. మెహర్ మైకు తన వైపు లాక్కుని, నీ తలపాగా ఊడిపోయింది రత్నమ్మా, నువ్వు దాన్ని పట్టించుకోలేదు అంది. గద లేచినప్పుడు నువ్వు దానికేసి చూడలేదు, పక్కకి చూశావు అన్నాను నేను. ఎవరి వైపు అని రాములు అడిగాడు. నీ వైపే అన్నాను. తర్వాత నీ మోకాలు వంగింది, ఈటె మంచులో గుచ్చి దాని మీద ఆనుకున్నావు, అన్నాను. ఎడమ మోకాలు అన్నాడు రాములు. సరే, ఎడమ మోకాలు. ఆ ఈటె వంగింది గానీ విరగలేదు. నువ్వు దాన్ని పట్టుకునే ఉన్నావు.

లైను తెగేవేళకు ఆమె ఇంకా పూర్తిగా పడలేదు.